మేస్త్రీ మూసేసిన మెసేజీలు

రైలు పెట్టెలో ఫ్యాను తిరగడం లేదని విసుక్కునేటప్పుడు, ఆ ఫ్యానుకి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఆలోచించి ఉండరు. మా ఇంట్లోవాళ్ళే ఆలోచించలేదు, మిమ్మల్ని అని ఏం లాభం. పెట్టె కిందికి వంగి చూస్తే చక్రాల మధ్య ఒక ఇనప డబ్బా వేలాడుతూ కనిపిస్తుంది. అందులో బ్యాటరీలుంటాయి. వాటిని దించడం, కడగడం, నీళ్ళు పొయ్యడం, ఛార్జింగ్ పెట్టడం, మళ్ళీ ఎక్కించడం. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నేను వెలగబెట్టిన ఉద్యోగమంతా ఇదే. మా ఆయన పోయాక ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చారు. ఖలాసీగా చేరి సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. ఈ మధ్యలో యాసిడ్ చుక్క పడి చిల్లు పడని చీర నాకొక్కటీ మిగల్లేదు.

నా నోరు మంచిది కాదని సెక్షన్‌లో పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే కాబట్టి కాదనను. మొన్న మా మేనకోడలు, ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ కొట్టు చూసుకుంటుందిలెండి, ఫోన్ పట్టుకుని నా దగ్గరకొచ్చింది. "అత్తా, మెసేజీల యాప్ ఎనకాల నడవకుండా ఆపేస్తే బేటరీ మిగుల్తాదట. ఆపెయ్యమంటావేటి?" అని అడిగింది. "ఆగవే తల్లీ" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఎందుకు ఆగాలో చెప్పేసరికి ఆ పూట దాని బేరాలన్నీ పోయాయి. మీ చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా, మీరూ వినండి.

మా సెక్షన్‌లో ఒక విడ్డూరం ఉండేది. మేం రోజంతా బ్యాటరీలకి ఛార్జింగ్ పెట్టేవాళ్ళం, మా జేబుల్లో ఫోన్లు మాత్రం మధ్యాహ్నానికల్లా చచ్చి ఊరుకునేవి. ఎందుకంటే మా బడాబాబు ఉత్తర్వు అలాంటిది. బడాబాబు అంటే మా సెక్షన్ ఇంజనీరు, బెంగాలీ ఆయన. మనిషి మంచివాడే. ఒకసారి ఎవరిదో నాసిరకం ఛార్జర్ ప్లగ్గులోనే కరిగి అంటుకుపోయింది. ఆ రోజునుంచి, రైల్వే కరెంటు రైల్వే బ్యాటరీకే అని గోడ మీద మూడు భాషల్లో రాయించేశాడు. తెలుగులో రాసింది నేనే. అక్షరాలు బాగున్నాయని మెచ్చుకుని, నా ఛార్జర్ కూడా లాక్కున్నాడు.

అలా మా మేస్త్రీ కొత్త వైద్యం మొదలుపెట్టాడు. మేస్త్రీ అంటే మా గ్యాంగులో పెద్దవాడు. తాతలది శ్రీకాకుళం వైపు. రైలు పని కోసం తాత వచ్చాడు, తండ్రి ఇక్కడే పుట్టాడు, ఈయన ఇక్కడి మలంచా పేట దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. నాకంటే ఏడాది చిన్న, అందుకని అక్కా అనడానికి వాళ్ళ యాసలో నన్ను అప్పా అనేవాడు. బుర్రమీసం, ముక్కు చివర కళ్ళద్దాలు, మెడలో గంఛా తువ్వాలు. బ్యాటరీ సెల్లు మూత తీసి వాసన చూసి బాగుందో లేదో చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. సగంసార్లు తప్పయ్యేది. తప్పయినప్పుడు ఆ రోజు జలుబు చేసిందనేవాడు.

ఫోన్ బ్యాటరీకీ రైలు బ్యాటరీకీ తేడా ఏముందని ఆయన వాదన. ఒకరోజు టిఫిన్ వేళ నా ఫోన్ లాక్కుని ముందు పాఠం చెప్పాడు.

"సూడప్పా. ఎవరూ నేని పెట్టెలో ఫేన్లు తిరుగుతుంటే ఏటవుతాది? బేటరీ దిగిపోతాది. నీ ఫోన్లో అదే జరుగుతున్నాది. నువ్వు సూడకపోయినా ఈ మెసేజీల యాపు ఎనకాల తిరుగుతానే ఉంటాది. కొత్తవి ఒచ్చినాయేటి, ఒచ్చినాయేటి అని అడుగుతానే ఉంటాది. ఆ లోడు కొట్టేయాల."

"కొట్టేస్తే నాకు మెసేజీలు ఎలగొస్తాయి?"

"నువ్వు తెరిసినప్పుడు ఒస్తాయి. అప్పుడు సూసుకో. ఏటి, అంతలోకి కొంపలంటుకుపోతాయా?"

నిజమే కదా అనిపించింది. నాకొచ్చే మెసేజీలు ఏమిటి గనక? పొద్దున్న గులాబీపువ్వు మీద శుభోదయం, మధ్యాహ్నం మోకాళ్ళనొప్పికి మెంతుల కషాయం, సాయంత్రం దేవుడి పాదాలు, వాటిని పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందన్న బెదిరింపు. ఇవి గంట ఆలస్యంగా వస్తే ఎవరి ప్రాణం పోతుంది? చేసెయ్ అన్నాను.

మేస్త్రీ ఖాళీ సెల్లుల పెట్టె బోర్లించి దాని మీద కూర్చునేవాడు. ఎవరి ఫోన్ చేతికొచ్చినా సెట్టింగులు, యాపులు, బ్యాటరీ, అక్కణ్ణుంచి లోపలికి పోయి మెసేజీల యాప్‌ని రిస్ట్రిక్టెడ్ అన్నదాంట్లో పెట్టేసేవాడు. ఫీజు ఒక చాయ్. బాగుచేసిన బ్యాటరీ డబ్బా మీద మేం చాక్‌పీసుతో టిక్కు కొడతాం. పై మనిషి ఆ టిక్కు చూసి పెట్టెకి ఎక్కిస్తాడు. అదే అలవాటులో మేస్త్రీ ఫోన్ల వెనక కూడా టిక్కు కొట్టేవాడు. కొన్నాళ్ళకి సెక్షన్‌లో ఏ ఫోన్ తిప్పి చూసినా తెల్ల టిక్కే. బ్యాటరీలు నిజంగానే సాయంత్రం దాకా ఆగేవి. మేస్త్రీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మా గ్యాంగులో ఒక తమ్ముడుండేవాడు. సొంత తమ్ముడు కాదు, నేను అలా పిలుచుకునేదాన్ని. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాలేదు. వికలాంగుల కోటాలో ఉద్యోగమొచ్చింది. విజయనగరం వైపునుంచి ఎప్పుడో వచ్చేసిన కుటుంబం, చెవిటిపిల్లల బడిలో చదివాడు, తెలుగు చక్కగా రాసేవాడు. మా అందరికీ చేతులతో పేర్లు పెట్టాడు. మేస్త్రీ పేరు, మీసం మెలేసి ముక్కుతో వాసన చూడటం. నా పేరు, ఐదు వేళ్ళూ పక్షి ముక్కులా కలిపి టకటకా తెరిచి మూయడం. మొదటిసారి అది నేనేనని తెలిసినప్పుడు వాడి వెనక షెడ్డంతా పరిగెత్తాను. వాడికంటే నాకే ఎక్కువ నవ్వొచ్చింది.

వాడికి పలాస వైపు పిల్లనిచ్చారు. నాకు మరదలన్నమాట. ఆ పిల్లకీ వినపడదు. పాపం, దాన్ని బడికే పంపలేదు, ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టి పెంచారు. రాయడం రాదు, చదవడం రాదు, బడిలో నేర్పే సైగలూ రావు. పెళ్ళయ్యాక వీడు బడిలో నేర్చుకున్నవి కొన్ని, ఇద్దరూ కలిసి కల్పించుకున్నవి కొన్ని, ఒక భాష తయారుచేసుకున్నారు. ఈ భూమ్మీద ఆ భాష ఆ ఇద్దరికే వచ్చు. మాకు వాడి దగ్గర ముక్కలు ముక్కలుగా పట్టుబడ్డాయి. నీళ్ళు, చాయ్, నొప్పి, ఎక్కడ, బడాబాబు వస్తున్నాడు. వీటితో మా ఉద్యోగం గడిచిపోయేది.

టిఫిన్ వేళ తమ్ముడు ఫోన్‌ని బ్యాటరీ డబ్బాకి ఆనించి నిలబెట్టి మరదలికి వీడియో కాల్ చేసేవాడు. ఇక రెండు చేతులూ ఖాళీ. మాట్లాడుకునేవాళ్ళు చూడండి, అంత మాట్లాడుకున్న మొగుడూ పెళ్ళాల్ని నేను చూడలేదు. కూర ఏం వండిందో చెప్పడానికే అరగంట పట్టేది. మిగతా వేళల్లో చిన్నచిన్న వీడియోలు తీసి పంపుకునేవారు. మెసేజీ రాగానే వాడి చొక్కాజేబు వణికేది, వాడు చేతిలో పని వదిలేసేవాడు. అంత వాడకానికి ఏ బ్యాటరీ ఆగుతుంది? వాడి ఫోన్ అందరికంటే ముందు చచ్చేది.

మరదలికి తొమ్మిదో నెల వచ్చింది. ఒకరోజు తమ్ముడు ఫోన్ తీసుకెళ్ళి మేస్త్రీ చేతిలో పెట్టాడు. పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పాడు, ఫోన్ చూపించాడు, చేతిని వాడిపోయిన ఆకులా కిందికి వాల్చి వద్దు వద్దన్నట్టు తలూపాడు. ఈ రోజుల్లో ఇది ఆరిపోకూడదు అని చెప్పడం. మాకందరికీ అర్థమైంది.

మేస్త్రీ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నీది పెద్ద పనిరా నానా. దీన్ని ఒళ్ళు దగ్గరెట్టుకుని సెయ్యాల" అన్నాడు.

అన్నట్టే చేశాడు. మాకు ఒక్క యాపే మూశాడు కదా, వాడికి కనిపించినవన్నీ మూశాడు. తెర వెలుగు తగ్గించాడు. అన్నిటికంటే ఎక్కువ తినేది, వీడియో కాల్ కూడా నడిపేది మెసేజీల యాపే కాబట్టి మొట్టమొదట దాన్నే కట్టేశాడు. చాయ్ కూడా పుచ్చుకోలేదు. టిక్కు కూడా అందంగా వంపు తిప్పి కొట్టాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అక్కడ ఎంతమందిమి ఉన్నామో అంతమందిమీ చూశాం. ఒక్కరికీ ఏమీ తట్టలేదు. మాకు మెసేజీ రాకపోతే ఫోన్ మోగుతుంది, మాట్లాడతాం. మేమంతా చెవులున్నవాళ్ళం. ఆ యాప్ ఒక్కటే వాడి చెవి అని మాకు తోచకపోవడానికి కారణం అంతే.

ఛార్జి మిగల్చాలని ఆ మొగుడూ పెళ్ళాలు ఇంకో ఒప్పందం కూడా చేసుకున్నారు. టిఫిన్ వేళ వీడియో కాల్ బంద్. అవసరమైతే తను మెసేజీ పెడుతుంది, జేబు వణికితే వీడు చూస్తాడు. రెండు మూడు రోజులు బాగానే గడిచింది. ఇంటికెళ్ళి వాడు యాప్ తెరిచేవాడు, ఉన్నవన్నీ వచ్చేసేవి. పక్కనే మనిషి ఉండగా మెసేజీ ఎప్పుడొచ్చిందని ఎవరు చూస్తారు?

ఆ రోజు మా ముందు ఒక స్లీపర్ పెట్టె ఉంది. మా పనయ్యాక రంగులకి వెళ్ళాల్సింది. టిఫిన్ వేళ తమ్ముడు ఫోన్ తీసి బ్యాటరీ అంకె మేస్త్రీకి చూపించాడు. పొద్దున్ననుంచి దాదాపు కదల్లేదు. మేస్త్రీ ఆ ఫోన్ పట్టుకుని అందరి దగ్గరకీ తిరిగి వచ్చాడు. "సూసుకోండి. ఇదీ బేటరీ అంటే" అన్నాడు. తమ్ముడు నవ్వుతూ ఫోన్ జేబులో పెట్టుకుని పెట్టె కిందికి దూరాడు.

కాసేపటికి గేటునుంచి ఫోనొచ్చింది. నేనే ఎత్తాను. గేటు దగ్గర సిపాయి హిందీలో, "మీ సెక్షన్ మూగబ్బాయి కోసం ఎవరో ఆవిడొచ్చింది, ఒకటే ఏడుపు" అని, ఫోన్ ఆవిడకిచ్చాడు. తమ్ముడి పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ ఆవిడ. మేం బౌదీ అంటాం, వదిన అని అర్థం.

"దీదీ, ఓర్ బౌ హాస్‌పాతాలే" అంది. వాడి భార్య ఆసుపత్రిలో ఉందని. మిగతాది ఏడుపు మధ్యలో చెప్పింది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఆ పిల్ల మొగుడికి మెసేజీలు పంపుతూ, వీడియో కాల్ చేస్తూ కూర్చుంది. జవాబు లేదు. ఓపిక అయిపోయాక రెండిళ్ళ మధ్య గోడని పళ్ళెంతో బాదింది. బౌదీ టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కించి రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ఆ మాట ఆ పిల్లకి చెప్పేవాళ్ళు లేరు. మాస్కులు కట్టుకుని సూదులు పట్టుకుని దగ్గరకొస్తుంటే బెదిరిపోయి చేతులు విసిరికొడుతోంది, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

"వాడికి ఫోన్ చెయ్యలేకపోయావా?" అన్నాను.

"కాలా మానుష్ దీదీ, ఫోన్ కొరే కీ లాభ్?" అంది. చెవిటి మనిషికి ఫోన్ చేసి ఏం లాభమని. అంతకంటే నేను తెలివైన దాన్నేం కాదు, నేనైనా అదే అనుకుని ఉండేదాన్ని.

పరిగెత్తాను. తమ్ముణ్ణి కాలు పట్టి పెట్టె కిందనుంచి లాగాను. పొట్ట, నొప్పి, సూది, నాకు చేతనైన సైగలన్నీ చేశాను. వాడు నవ్వాడు. ఫోన్ తీసి తెర నాకు చూపించాడు. బ్యాటరీ నిండుగా ఉంది. మెసేజీ ఒక్కటీ లేదు. ఏమీ లేదప్పా, కంగారుపడకు అన్నట్టు నా భుజం కూడా తట్టాడు.

నేను ఆ ఫోన్ లాక్కుని యాప్ తెరిచాను. నా చేతిలో అది వణకడం మొదలెట్టింది, ఇక ఆగదే. ఒకదాని మీద ఒకటి, పొద్దున్ననుంచి పంపినవన్నీ ఒక్కసారి దిగాయి. తమ్ముడు తీసుకుని చూశాడు. మొదటి వీడియోలో మరదలు పొయ్యి దగ్గర నడుం పట్టుకుని కొంచెం నవ్వుతోంది. తర్వాతిదాంట్లో నేల మీద కూర్చుంది. ఆ తర్వాతిదాంట్లో మొహం కూడా లేదు, చెయ్యి ఒక్కటే ఉంది, ఎక్కడ ఎక్కడ అని అడుగుతోంది. ఆ సైగ నాకు తెలుసు. ఆఖరిదాంట్లో ఆసుపత్రి పైకప్పు, లైట్లు. మనిషి లేదు.

తమ్ముడి వెనకనుంచి మేస్త్రీ ఇదంతా చూశాడు. "నానేటి సేసినానప్పా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషిని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఆ నిమిషాన తిడదామంటే నాకూ మాట రాలేదు.

తమ్ముడు వీడియో కాల్ కలిపాడు. నర్సు ఎత్తింది, ఫోన్ తిప్పి మరదల్ని చూపించింది. మొగుడి మొహం కనపడగానే ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చుంది. ఇద్దరికీ చేతులు కావాలి కదా, ఈ పక్క ఫోన్ ఎవరు పట్టుకుంటారు? మేస్త్రీ పట్టుకున్నాడు. రెండు చేతులతో, గుండెకి ఆనించుకుని, వణక్కుండా పట్టుకోవాలని పళ్ళు బిగించాడు.

అవతల డాక్టరమ్మ బెంగాలీలో మాట్లాడుతోంది. నాకు వినపడుతుంది, అర్థమవుతుంది, తమ్ముడికి చెప్పడం రాదు. నొప్పీ నీళ్ళూ చాయ్ సైగలతో ఆపరేషన్ సంగతి ఎలా చెబుతాం? కాగితం వెతికే టైము లేదు. జేబులో చాక్‌పీసు ఉంది, ఎదురుగా పెట్టె ఉంది. పెట్టె గోడ మీద ఇంతింత అక్షరాలతో రాశాను. బిడ్డకి ఇబ్బందిగా ఉంది. పొట్ట కోసి తియ్యాలి. తమ్ముడు చదివి మరదలికి చేతులతో చెప్పాడు. మరదలు ఏదో అడిగింది. తమ్ముడు నా చేతిలో చాక్‌పీసు లాక్కుని కింద రాశాడు. బిడ్డ బతికుందా అని అడుగుతోంది. నేను బెంగాలీలో అడిగాను. బతికే ఉంది, కానీ ఆలస్యం చెయ్యకూడదంది డాక్టరమ్మ. మళ్ళీ పెట్టె మీద రాశాను.

వెన్నులో సూది గుచ్చుతారు, అప్పుడు కదలకూడదు. ఒంటిని ముందుకి వంచి గట్టిగా అలాగే ఉండాలి. నడుం కింద మొద్దుబారుతుంది, భయపడకూడదు. నేను రాయడం, వాడు చెప్పడం, ఆ పిల్ల అడగడం. స్లీపర్ పెట్టె సగం తెలుగుతో నిండిపోయింది. కదలొద్దని చెబితే ఎప్పటిదాకా అని అడిగింది మరదలు. మాట వినపడని మనిషికి అయిపోయిందని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న అక్కడ ఎవరికీ రాలేదు, దానికే వచ్చింది. డాక్టరమ్మ ఒక క్షణం ఆలోచించి, "భుజం మీద రెండుసార్లు తడతాను, అయిపోయినట్టు" అంది. రాశాను. తమ్ముడు మరదలికి తన భుజం మీద రెండుసార్లు తట్టి చూపించాడు. మరదలు తలూపింది. అప్పుడు డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి తన మొహం ఆ పిల్లకి చూపించింది. మధ్యవయసు మనిషి, అలసిపోయి ఉంది, నవ్వింది.

ఈలోగా బడాబాబు వచ్చాడు. పెట్టె మీద రాతలు చూసి దూరంనుంచే కేకలు మొదలెట్టాడు. దగ్గరికొచ్చి మేస్త్రీ గుండెకి ఆనించి ఉన్న ఫోన్‌లోకి చూశాడు. నోరు మూసుకున్నాడు. మరదల్ని లోపలికి తీసుకెళ్ళేముందు అది మొగుణ్ణి ఒక్క మాట అడిగింది. పొద్దున్న వీడియోలో అడిగినదే, ఎక్కడ అని. ఇంతసేపు ఎక్కడికి పోయావని. తమ్ముడు మేస్త్రీ వైపు చూశాడు. తర్వాత తనని చూపించుకుని, చెంప మీద తనే కొట్టుకుని, వస్తున్నానన్నాడు. తప్పు తన మీద వేసుకున్నాడు. నాకర్థమైంది. మేస్త్రీకీ అర్థమైంది.

బడాబాబు తన మోటారుసైకిలు మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ, నేను గేటు దగ్గర టోటో ఎక్కాం. అప్పటికి నా నోరు తిరిగొచ్చింది.

"పెట్టెలో ఫేన్లు తిరుగుతున్నాయని కట్టేసినావు. లోపల మనిసున్నాదో నేదో సూసుకోవక్కర్నేదేటి?" అన్నాను.

"అనప్పా. ఇంకా అను" అన్నాడు మేస్త్రీ. "ఆ బిడ్డకేటైనా అయితే నాను రేపు డూటీకి రానప్పా. ఎప్పటికీ రాను."

"నోర్మూసుకో" అన్నాను. అలా అనమని అడిగిన మనిషిని ఇంకేం అంటాం?

ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. నర్సు బయటికొచ్చి, ఆ అమ్మాయి సూది గుచ్చేటప్పుడు రాయిలా కదలకుండా ఉందని, భుజం మీద తట్టాకే కళ్ళు తెరిచిందని చెప్పింది. నేను ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చాను. ముసలిదాన్ని, ఎవరేమనుకుంటే నాకేం? మేస్త్రీ లోపలికి రాలేదు. సైకిలు స్టాండు దగ్గర నిలబడిపోయాడు. తమ్ముడు వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగాడు. మేస్త్రీ చెయ్యి విడిపించుకుని ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు టిఫిన్ వేళ మేస్త్రీ అందరి ఫోన్లూ తెప్పించుకున్నాడు. మెసేజీల యాపులన్నీ విడిపించాడు. వెనక ఉన్న టిక్కులన్నీ గంఛాతో తుడిచేశాడు. గులాబీపువ్వులు మళ్ళీ రావడం మొదలయ్యాయి, ఎవరూ విసుక్కోలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. మామూలు ఫోన్ కాల్ చేసినా తమ్ముడి జేబు వణుకుతుంది. వినపడకపోతే ఏం, పిలుపు వచ్చిందని తెలుస్తుంది కదా. బౌదీ ఒక్క కాల్ చేసి ఉంటే సరిపోయేది. చెవిటివాడని ఇన్నేళ్ళలో మేమెవ్వరం వాడికి కాల్ చెయ్యలేదు. ఇప్పుడు ఎవరు కాల్ చేసినా వాడు వెంటనే యాప్ తెరిచి చూసుకోవాలని అందరం కలిసి ఒప్పందం పెట్టుకున్నాం. బడాబాబు గోడ మీద రాత చెరిపించి, దాని కిందే ఫోన్ల కోసం ఒక ఛార్జింగ్ బోర్డు పెట్టించాడు. చాక్‌పీసు రాతలున్న పెట్టె రంగులకి వెళ్ళిపోయింది.

పిల్లని ఇంటికి తెచ్చాక సెక్షన్‌లో అందరూ వెళ్ళి చూసొచ్చారు. మేస్త్రీ ఒక్కడే వెళ్ళలేదు. ఒక ఆదివారం నేను మేస్త్రీ ఇంటి గుమ్మంలో, నువ్వు రాకపోతే నేను కదలనని కూర్చున్నాను. గంఛా మెడలో వేసుకుని, ఉరికంబానికి వెళ్తున్నవాడిలా నా వెనక వచ్చాడు.

మరదలు పిల్లని ఒళ్ళో వేసుకుని మంచం మీద కూర్చుంది. మేస్త్రీని చూడగానే మొహం విప్పారింది. గబగబా దిండు కిందనుంచి తన ఫోన్ తీసి మేస్త్రీ చేతిలో పెట్టింది. చేతులు తిప్పుతూ ఏదేదో చెప్పింది. నాకు ముక్క అర్థం కాలేదు. తమ్ముడు నా అరచేతిలో వేలితో రాసి చెప్పాడు. ఆ రోజు అంతసేపు మాట్లాడినా ఫోన్ ఆరిపోకుండా ఉన్నది మేస్త్రీ వల్లేనని వాడు ఆమెకి చెప్పాడట. తన ఫోన్ కూడా అలాగే చేసిపెట్టమని అడుగుతోంది.

నేను మేస్త్రీకి ఆ మాట చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, తెలీదు.

"నా వల్ల కాదని సెప్పప్పా" అన్నాడు మేస్త్రీ.

"నాకు ఆ సైగలు రావు మేస్త్రీ."

తమ్ముడు వద్దు వద్దని తలూపుతున్నాడు. మేస్త్రీ వాడి వైపు చూడలేదు. మంచం ముందు నేల మీద కూర్చున్నాడు. తమ్ముడి ఫోన్ చూపించాడు. తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఫోన్ తెర మీద వేలితో నొక్కినట్టు చూపించి, తర్వాత ఆ వేళ్ళతో తన రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నేను, నేనే అని. పొద్దున్న మెసేజీలు అందకపోవడానికి కారణం నేనే అని. ఆ భాష ఆయనకెవరూ నేర్పలేదు.

మరదలికి అర్థమైంది. మొహంలో నవ్వు పోయింది. చెయ్యి చాచి మేస్త్రీ చేతిలోంచి తన ఫోన్ లాగేసుకుంది. పిల్లని దగ్గరికి తీసుకుని గోడవైపు తిరిగింది. పిల్ల ఏడ్చింది. ఆ గదిలో ఆ ఏడుపు వినపడేది నాకూ మేస్త్రీకీ మాత్రమే. తల్లి ఇంకా గోడవైపే చూస్తోంది. ఉండబట్టలేక మేస్త్రీ చెయ్యి చాచి మంచం పట్టీ మీద తట్టాడు. మరదలు ఇటు తిరిగింది. ఆయన పిల్ల నోరు చూపించాడు.

మరదలు పిల్లకి పాలు పట్టింది. పట్టి, నిద్రపుచ్చి, పక్క మీద పడుకోబెట్టింది. ఆ తర్వాత చాలాసేపు మేస్త్రీని చూస్తూ కూర్చుంది. చూసి చూసి, ఆ ఫోన్ మళ్ళీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చూపించినట్టే తన చెవులు మూసుకుని, ఇది మాత్రం వద్దని వేలు ఊపింది.